రెండో భాగమంటే అదే గుహ ఏడుసార్లా?

సీతమ్మధార_సీను
సేల్‌లో చవగ్గా దొరికిందని డ్రాగన్ ఏజ్ 2 అనే కంప్యూటర్ ఆట కొన్నాను. మొదటి భాగం ఆరిజిన్స్ కాలేజీ రోజుల్లో పరీక్షలు ఎగ్గొట్టి మరీ మూడుసార్లు పూర్తి చేశాను. రెండోది అప్పట్లో నా డబ్బా కంప్యూటర్ లాగలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుంటే కడుపు మండిపోతోంది.

నిన్న రాత్రి తప్పిపోయిన ఒకమ్మాయిని వెతుక్కుంటూ ఒక గుహలోకి వెళ్ళాను. ఆ తర్వాత దొంగల ముఠా కోసం ఇంకో గుహకి వెళ్ళాను. అదే గుహ! లోపలికెళ్ళగానే ఎడమవైపు వంపు, ఆపైన మెట్లు, చివర్న గుండ్రటి గది. తేడా ఒక్కటే, ఈసారి కుడివైపు దారికి ఒక రాతిపలక అడ్డం పెట్టారు. మూలనున్న మ్యాపులో మాత్రం పలక అవతలి దారి కూడా శుభ్రంగా కనిపిస్తోంది. అంటే దాన్ని చెరపడానికి కూడా ఎవరికీ ఓపిక లేదన్నమాట.

లెక్కపెట్టాను, ఇప్పటికి ఏడోసారి. అంత పెద్ద కంపెనీకి ఇంకో గుహ చేయించే డబ్బుల్లేవా? లేక కొనేవాడు ఎలాగూ కొంటాడులే అనుకున్నారా?

బొర్రా_బుజ్జి
బొర్రా గుహలు కూడా ఎన్నిసార్లెళ్ళినా అవేగా. ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ అదే గుహ, అదే మెట్లు, "ఇది చూడండి, అచ్చం శివలింగంలా లేదూ" అని అదే డైలాగు. నేనెప్పుడైనా థ్రెడ్ పెట్టానా?

అర్ధరాత్రి_ఆట
డబ్బు కంటే ముందు టైం లేదు సీనూ. ఆరిజిన్స్ 2009 నవంబర్‌లో వచ్చింది, ఇది 2011 మార్చిలో. మధ్యలో పదహారు నెలలు. ఆరిజిన్స్‌కి ఐదేళ్ళపైనే పట్టింది.

అసలు కథేంటంటే, ఈ ఆట చేసిన బయోవేర్ వాళ్ళదే స్టార్ వార్స్ ఆన్‌లైన్ ఆట ఒకటి అప్పట్లో తయారవుతోంది, ది ఓల్డ్ రిపబ్లిక్ అని. అది వెనక్కి జరుగుతూ పోయింది. చివరికి 2011 డిసెంబర్‌కి గానీ రాలేదు. బయోవేర్ యజమాని ఈఏ కంపెనీ ఏడాది లెక్కల్లో పెద్ద చిల్లు పడింది. దాన్ని పూడ్చడానికి డ్రాగన్ ఏజ్ టీంని ముందుకి తోశారు. అందుకే కథంతా కర్క్‌వాల్ అనే ఒక్క ఊళ్ళోనే తిరుగుతుంది. ఒక్క ఊరు, దాని చుట్టూ ఒక కొండ, ఒక సముద్రపు ఒడ్డు, ఒక గుహ. టైమిచ్చింది అంతకే.

గాజువాక_గన్నర్
ఒక ఊరు, ఒక కొండ, ఒక ఒడ్డు, ఒక గుహ. ఇది మన వైజాగే కదేటి గురూ

ఆడిటర్_అప్పారావు
ఆట గురించి నాకు పెద్దగా తెలీదు, మా అబ్బాయి ఆడుతుంటే వెనకనుంచి చూస్తానంతే. తేదీల గురించి చెప్తాను. ఈఏ ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే మార్చి 31తో మూసేస్తారు. డ్రాగన్ ఏజ్ 2 అమెరికాలో విడుదలైంది 2011 మార్చి 8. అదే కంపెనీ మాస్ ఎఫెక్ట్ 3ది 2012 మార్చి 6. మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడాది 2017 మార్చి 21. మూడూ మార్చే. వీటికి తేదీ పెట్టింది ఆట చేసేవాడని మీరనుకుంటున్నారా? నాకైతే బాలెన్స్ షీటు కనిపిస్తోంది.

మా వీధిలో కూడా అంతే. ఏడాదంతా గుంతలుంటాయి, మార్చి మూడోవారంలో మాత్రం అర్ధరాత్రి రోడ్డు వేస్తారు. పొద్దున్న లేచి చూస్తే మ్యాన్‌హోల్ మూత మీద కూడా తారు పోసేసుంటుంది.

గాజువాక_గన్నర్
అయితే సీను చూసిన రాతిపలక కింద మ్యాన్‌హోల్ ఉంటాది, సరిగ్గా వెతకమనండి

మురీ_మిక్సర్
ఒక్క మాట. టైం తక్కువైతే ఆట చెడిపోతుందనేది అందరూ అనేసే మాట. మరి జీటీఏ వైస్ సిటీ ఆట సంగతేంటి? జీటీఏ 3 2001 అక్టోబర్‌లో, వైస్ సిటీ 2002 అక్టోబర్‌లో. సరిగ్గా ఏడాది. మొదట దాన్ని 3కి అదనపు మిషన్ల ప్యాకులా అనుకున్నారు, తర్వాత అది పెరిగి విడి ఆటైంది. ఇంజిన్, అంటే ఆటని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్, అదే. నడిచే తీరు, కారు తలుపు లాగి డ్రైవర్ని బయటికి పడేసే తీరు అన్నీ అవే. ద్వారకానగర్ నెట్ సెంటర్లో క్యూలో నిలబడి ఆడాం కదరా, ఎవడికైనా ఇది మిగిలిన సరుకుతో చేశారనిపించిందా?

పాత_నెట్‌సెంటర్
ఆ క్యూలు నా షాపు ముందరివి కూడా. ఎనిమిది కంప్యూటర్లుండేవి, గ్రాఫిక్స్ కార్డున్నవి రెండే. మూడో నంబరు, ఏడో నంబరు. ఆ రెంటి కోసం కాలర్లు పట్టుకునేవారు. ఒకడు ఎనభై శాతం దాకా ఆడి సేవ్ చేసుకున్న దాని మీద ఇంకొకడు కొత్త గేమ్ సేవ్ చేసేశాడు. మధ్యలో నేను సర్దిచెప్పాల్సొచ్చింది.

మీరు సీక్వెల్ అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. నేనూ ఒక సీక్వెల్ తీశాను. మొదటిది బాగా నడుస్తోందని మద్దిలపాలెంలో రెండో సెంటర్ తెరిచాను. డబ్బుల్లేక మొదటి దాంట్లోంచి సగం కుర్చీలు, మూడు మానిటర్లు, ఏడో నంబరు కంప్యూటరు పట్టుకెళ్ళి అక్కడ పెట్టాను. ఆర్నెల్లలో రెండూ మూతపడ్డాయి. ఏడో నంబరు ఇప్పటికీ మా అటక మీదుంది.

బొర్రా_బుజ్జి
ఏడో నంబరుకి ఒక నిమిషం మౌనం

సీతమ్మధార_సీను
@మురీ_మిక్సర్ నువ్వన్నది నిజమే, అక్కడే నాకు బోధపడటం లేదు. వైస్ సిటీకీ ఏడాదే, దీనికీ ఏడాది చిల్లరే. రెంటికీ పాత సరుకే వాడారు. అది అమృతంలా ఉంది, ఇది చద్దన్నంలా ఉంది. తేడా ఎక్కడొచ్చింది?

లాగిన్_లక్ష్మి
నా దగ్గర ఇంకా మంచి పోలిక ఉంది. ఇంతకుముందెప్పుడో కాగితం మీద రాసుకున్నాను.

ఆరిజిన్స్ నుంచి డ్రాగన్ ఏజ్ 2 దాకా పదహారు నెలలు. స్టార్ వార్స్ నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ మొదటిది 2003 జూలై, రెండోది 2004 డిసెంబర్. పదిహేడు నెలలు. జెల్డా ఆకరినా ఆఫ్ టైం 1998 నవంబర్, దాని తర్వాతిది మజోరాస్ మాస్క్ 2000 ఏప్రిల్. అదీ పదిహేడే. మూడూ ఒకే గడువు. ఈ మూడు సీక్వెల్స్‌లో మొదటిది అందరూ తిట్టినది. రెండోది సగంలో తెగిపోయినట్టుంటుంది. మూడోదాన్ని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు.

మజోరా ఎలా పుట్టిందంటే, జెల్డా సృష్టికర్త మియామోతో మొదట పాత ఆటనే కోటలు అటూ ఇటూ మార్చి మళ్ళీ వెయ్యమన్నాడు. అతని టీంలోని అఓనుమాకి మనసొప్పలేదు, కొత్తది చేస్తానన్నాడు. ఏడాదిలో చెయ్యగలిగితే సరే అని షరతు పెట్టారు. అప్పుడు వాళ్ళు చేసిన పని చూడండి. అంత తక్కువ టైంలో పెద్ద లోకం కట్టలేం కాబట్టి చిన్న లోకమే కట్టి, అందులో మూడు రోజులు మళ్ళీ మళ్ళీ తిరిగేలా చేశారు. మూడో రోజు చంద్రుడు ఊరి మీద పడతాడు, నువ్వు మళ్ళీ మొదటి రోజుకి వెళ్తావు. పాత ఆటలోని మనుషుల బొమ్మలే తీసుకుని వేరే జీవితాలిచ్చారు. తెలిసిన మొహం, తెలియని మనిషి. పొదుపు కోసం చేసింది కాస్తా ఆటలోని భయమైపోయింది.

రాత్రి అన్నం పొద్దున్నకి మిగులుతుందని ముందే తెలిస్తే చింతపండు నానబెట్టుకుని పులిహోర కలుపుతాం. ఎవరూ వంక పెట్టరు. బిర్యానీ అని పిలిచి, విస్తళ్ళు వేశాక మాంసం సరిపోలేదని తెలిసి, అదే అన్నంలో పసుపు చల్లి తెచ్చారనుకోండి. డ్రాగన్ ఏజ్ 2 ఆ అన్నం.

మురీ_మిక్సర్
లక్ష్మిగారికి రెండు విస్తళ్ళు వెయ్యండి

అర్ధరాత్రి_ఆట
పోలిక బాగుంది గానీ పూర్తిగా ఒప్పుకోను. డ్రాగన్ ఏజ్ 2 వాళ్ళకీ గడువు ముందే తెలుసు. ఒక్క ఊళ్ళో పదేళ్ళ కథ అనుకున్నది అందుకే. ఆలోచన మంచిదే, మజోరా బాపతే. మూడు రోజులు కాదు, పదేళ్ళు. చిక్కేంటంటే పదేళ్ళు గడిచినట్టు ఊరు కనిపించాలి కదా? ఒక గోడ కూలాలి, ఒక కొట్టు మూతపడాలి. అవన్నీ మళ్ళీ బొమ్మలే, మళ్ళీ డబ్బులే. అవి చెయ్యలేదు. మూడేళ్ళ తర్వాత వచ్చినా బజార్లో అదే మనిషి అదే స్తంభానికి ఆనుకుని ఉంటాడు. ఆలోచనకి డబ్బులిచ్చి అది కనబడటానికి ఇవ్వలేదన్నమాట.

రుషికొండ_రెండర్
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఇది నా పొట్టకూటి విషయం కాబట్టి రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

కొండమీద ఒక ఆఫీసులో ఆటలకి త్రీడీ సామాను చేసేవాణ్ణి. పేరొద్దు. విదేశీ పబ్లిషర్ది ఒక మొబైల్ ఆట, మొదటి భాగం బాగా ఆడింది. రెండోదానికి మాకు ఆరు లోకాలు చెయ్యమని ఆర్డరొచ్చింది. అడవి, ఎడారి, మంచు, రేవు, పాత కోట, ఒక నది లోయ. నాకు నది లోయ ఇచ్చారు. అందులో ఒక చెక్క వంతెన. దాని మీద పదకొండు రోజులు కూర్చున్నాను. భీమిలి వెళ్ళి పాత పడవల చెక్కలు ఫోటోలు తీసుకొచ్చాను, ఉప్పుగాలికి చెక్క ఎలా తెల్లబడుతుందో, మేకు చుట్టూ తుప్పు ఎలా కిందికి కారుతుందో చూడ్డానికి. తాడు ముళ్ళు కూడా ఒక్కొక్కటి విడిగా చేశాను.

నాలుగో నెలలో ఒక శుక్రవారం సాయంత్రం కాల్ వచ్చింది. అక్కడ పైన మేనేజ్‌మెంట్ మారిందట, ఆరు లోకాలు మూడయ్యాయి. నది లోయ పోయింది. తేదీ మాత్రం మారలేదు. ఉన్న మూడింటినీ సాయంత్రం రంగులు వేసి ఒకసారి, రాత్రి రంగులు వేసి ఇంకోసారి వాడమన్నారు. అప్పటికి ఆరు లోకాలకి సరిపడా శత్రువులు, డైలాగులు, సంగీతం తయారైపోయాయి. మంచు కోసం చేసిన ఎలుగుబంటిని రేవులో పెట్టారు. ఎందుకుందని ఎవరైనా అడిగితే సర్కస్ ఓడలోంచి దూకిందని చెప్పమన్నారు. నిజంగా ఆ ఒక్క లైను డైలాగు రాశారు.

నా వంతెన ఏమైందో చెప్పనా? రేవు బజార్లో చేపలమ్మే పాక ఒకటి పైకప్పు లేకుండా మిగిలిపోయింది. మా లీడు నా వంతెనని తలకిందులు చేసి పైకప్పుగా పెట్టాడు. మేకుల తుప్పు ఇప్పుడు పైకి కారుతోంది. ఎవరూ గమనించలేదు. ఆట రివ్యూల్లో "మొదటి భాగమే నయం, వీళ్ళు బద్ధకించారు" అని రాశారు. సీనూ నీ మొదటి పోస్టులో "ఓపిక లేదు" అన్న మాట చూడగానే నాకు ఆ పైకప్పు గుర్తొచ్చింది.

రాతిపలక విషయం. దారి మూసెయ్యాలంటే ఒక పలక తెచ్చి పెడితే చాలు, ఐదు నిమిషాలు. మ్యాపులోంచి ఆ దారిని తీసెయ్యాలంటే ప్రతి గుహకీ విడి మ్యాపు చెయ్యాలి, టెస్ట్ చెయ్యాలి. ఆ పని ఎవరి పేరు మీదా రాసి ఉండదు. అలాంటివి ఆగిపోతాయి.

సీతమ్మధార_సీను
అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆట పేరు చెప్పకపోయినా పర్వాలేదు గానీ ఆ పాక ఒక్కసారి చూడాలనుంది.

రుషికొండ_రెండర్
సర్వర్లు ఆపేశారు. ఇప్పుడెక్కడా ఆడటానికి లేదు.

కంచరపాలెం_క్యూఏ
నేను టెస్టింగ్‌లో ఉన్నాను, రెండర్ అన్న చెప్పిన దానికి అవతలి చివర. "దారి మూసి ఉంది, మ్యాపులో తెరిచి ఉంది" అనే బగ్గు తప్పకుండా ఎవరో రాసే ఉంటారు. దాని మీద "వోంట్ ఫిక్స్" అని ముద్ర పడి ఉంటుంది. ఆఖరి నెలలో మా పని బగ్గులు వెతకడం కాదు, దొరికిన వాటిలో ఏవి వదిలెయ్యాలో కూర్చుని ఒప్పుకోవడం. ఆట ఆగిపోతే బాగుచేస్తారు. అసహ్యంగా ఉంటే వదిలేస్తారు.

ఎన్‌ఏడీ_నాగు
అందరూ మేనేజర్ని తిట్టేశారు కాబట్టి ఒక మేనేజర్‌గా నా గోడు. టైమిస్తే అద్భుతాలు జరుగుతాయనేది మీ భ్రమ. ఆండ్రోమెడాకి ఐదేళ్ళిచ్చారు. మొదట్లో వందల గ్రహాలు కంప్యూటరే పుట్టించేలా చేద్దామని కూర్చున్నారు, అది కుదరలేదు. ఇంజిన్ ఫ్రాస్ట్‌బైట్, అది తుపాకీ ఆటల కోసం పుట్టింది. రోల్ ప్లేయింగ్ ఆటకి కావలసిన సామాను అందులో చాలామటుకు లేదు, కూర్చుని కట్టుకోవాల్సొచ్చింది. ఆఖరికి బయటికొచ్చిన ఆటలో చాలా భాగం చివరి పద్దెనిమిది నెలల్లో చేసిందేనని అక్కడ పనిచేసినవాళ్ళే విలేకరులకి చెప్పారు. ఐదేళ్ళిచ్చినా మిగిలింది ఏడాదిన్నరే.

డ్రాగన్ ఏజ్ నాలుగోదీ అంతే. మూడోది ఇన్‌క్విజిషన్ 2014లో, నాలుగోది వెయిల్‌గార్డ్ 2024లో. పదేళ్ళు! మొదట ఒక్కరే ఆడుకునే ఆటగా మొదలుపెట్టారు, 2017లో దాన్ని ఆపేశారు. తర్వాత ఆన్‌లైన్‌లో అందరూ కలిసి ఆడేలా చెయ్యమన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఒక్కరే ఆడేలా మార్చమన్నారు. చివరికి అది విడుదలైన త్రైమాసికంలో సుమారు 15 లక్షల మంది ఆడారని, అనుకున్నదాంట్లో దాదాపు సగమేనని ఈఏనే చెప్పుకుంది. పదహారు నెలల్లో చేసిందానికీ తిట్లే, పదేళ్ళ దానికీ తిట్లే.

లాగిన్_లక్ష్మి
నాగుగారూ, మీరు మేనేజర్ల తరఫున వాదిస్తున్నారా, వ్యతిరేకంగానా? మూడుసార్లు మాట మార్చింది ఎవరు?

ఎన్‌ఏడీ_నాగు
మాకు పైన ఉన్నవాళ్ళు అమ్మా. మా పైన కూడా మనుషులుంటారు. నేను క్లయింటుకి చెప్పిన తేదీ నాకు క్లయింటు చెప్పినదే. దాన్ని నా నోటితో చెప్పించారంతే.

గాజువాక_గన్నర్
రేవులో ఎలుగుబంటి గురించి ఎవరూ మాట్లాడరేటి? నాకు ఆ ఎలుగుబంటి సీక్వెల్ కావాలి

ఉక్కునగరం_ఉమ
వేరే గొంతు ఒకటి. మీరంతా లోపలి కథలు చెప్పుకుని జాలిపడుతున్నారు. నేను మా వాడికి పీఎస్5 ఆట కొంటే 4,999 రూపాయలు. మా ఇంట్లో నెల పాలబిల్లు కంటే ఎక్కువ. నేను కొంటున్నది ఆట, వాళ్ళ కష్టాల కథ కాదు. హోటల్లో దోశ మాడితే వంటవాడి ఇంట్లో ఇబ్బందులున్నాయని చెప్తే తింటామా? రెండోభాగానికి పూర్తి రేటు తీసుకున్నప్పుడు పూర్తి సరుకివ్వాలి. ఇవ్వలేకపోతే రేటు తగ్గించాలి. స్పైడర్‌మ్యాన్ మైల్స్ మొరాలెస్ చూడండి, 2020లో అదే న్యూయార్క్‌ని మంచు కప్పి ఇచ్చారు. ఆట చిన్నది, రేటూ తక్కువ పెట్టారు. నాకేం అభ్యంతరం లేదు, మా వాడికంటే నేనే ఎక్కువ ఆడాను.

మురీ_మిక్సర్
ఉమక్కా మీరు ఆడతారని చెప్పలేదే! ట్రోఫీలు ఎన్ని?

ఉక్కునగరం_ఉమ
ప్లాటినం, అంటే మొత్తం అన్నీ. వాడికి చెప్పకండి.

అర్ధరాత్రి_ఆట
ఉమగారి మాటకి ఇంకో పక్క కూడా ఉంది. మైల్స్ తర్వాత వచ్చిన స్పైడర్‌మ్యాన్ 2కి దాదాపు 30 కోట్ల డాలర్లయిందని 2023 చివర్లో ఆ స్టూడియో ఫైళ్ళు హ్యాకై బయటపడినప్పుడు తెలిసింది. ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు. అది కోర్టు కాగితాల్లో నల్లమార్కర్‌తో కొట్టేసిన అంకె, మార్కర్ సరిగ్గా పడక చదవగలిగారు. అంత పెట్టినప్పుడు అది ఓడిపోవడానికి వీల్లేదు. ఓడిపోకూడదంటే కొత్తగా ఏదీ ప్రయత్నించకూడదు. డబ్బు తక్కువైతే గుహ మళ్ళీ వస్తుంది, ఎక్కువైతే మొదటి ఆటే మళ్ళీ వస్తుంది.

ఆడిటర్_అప్పారావు
నల్లమార్కర్ సంగతి చదివి మా ఆఫీసులో అందరికీ చూపించాను. ఇకమీదట రెండుసార్లు కొట్టమన్నాను.

మురీ_మిక్సర్
ఫాల్అవుట్ న్యూ వేగస్ ఎవరూ ఎత్తలేదేం? నాకు ప్రాణం అది. ఫాల్అవుట్ 3 ఇంజిన్, అందులోని కుర్చీలు, సీసాలు, తుప్పుపట్టిన కార్లు అన్నీ తీసుకుని అబ్సిడియన్ వాళ్ళు పద్దెనిమిది నెలల్లో చేశారు, 2010లో. కథ మాత్రం 3ని తలదన్నింది. పబ్లిషర్ వాళ్ళకి పెట్టిన బోనస్ షరతేంటో తెలుసా? రివ్యూల సగటు మార్కులు చూపించే మెటాక్రిటిక్ సైట్లో 85 రావాలి. 84 వచ్చింది. ఒక్క మార్కు!

కంచరపాలెం_క్యూఏ
ఆ ఒక్క మార్కు మా వల్లేనంటారు, చూస్తూ ఉండండి. విడుదలైన రోజు బగ్గులు అలా ఉన్నాయి.

సీతమ్మధార_సీను
ఇంటర్‌లో ఒక్క మార్కులో ఫస్ట్ క్లాస్ పోయినవాణ్ణి, ఆ బాధ నాకు తెలుసు.

లాగిన్_లక్ష్మి
న్యూ వేగస్‌లోనూ కోతలున్నాయి. నది తూర్పున లీజియన్ అనే పక్షం రాజ్యమంతా అనుకున్నారట, టైం లేక ఎగిరిపోయింది. అందుకే ఆటలో రెండు పక్షాల్లో ఒకటి నిండుగా ఉంటుంది, రెండోది గుడారాలతో సరిపెట్టుకుంటుంది. అయినా ఎందుకు నిలబడిందంటే కోసిన చోటు ఆట నడుమ కాదు, అంచు. స్టార్ వార్స్ రెండోదాంట్లో కోత పడింది చివరి ఘట్టంలో. అదీ అబ్సిడియన్ వాళ్ళే చేశారు, అప్పటికి కొత్త స్టూడియో, 2003లోనే పెట్టారు. తలకి మించిన కథ ఎత్తుకున్నారు, క్రిస్మస్‌కి దించాలి. పాత్రలు చివర్లో ఏమయ్యారో చెప్పకుండానే అయిపోతుంది. డిస్కులో మిగిలిపోయిన ముక్కలు ఏరి అభిమానులు ఏళ్ళ తరబడి కూర్చుని అతికించారు. నింటెండో స్విచ్‌లో ఆ ముక్కల్ని అధికారికంగా ఇస్తామని చెప్పి, 2023లో అదీ రద్దు చేశారు. రెండుసార్లు కోత పడ్డ ఆట.

రుషికొండ_రెండర్
అంచు, నడుమ అన్నారు చూడండి, అదే. మా నది లోయ అంచున ఉండేది, అది పోయినా ఆట బతికేదే. కానీ అది పోయాక నింపడానికి మిగతా మూడింటినీ సాగదీశారు. మూడింటితో చిన్న ఆటగా వదిలేసుంటే బాగుండేది. ఆరు లోకాలని ట్రైలర్‌లో ముందే చెప్పేశారు కాబట్టి ఆరు అనే అంకె చూపించాలి.

ఆడిటర్_అప్పారావు
ఇది నాకు బాగా తెలిసిన జబ్బు. ఖర్చు తగ్గించారు, అంకె తగ్గించలేదు.

బొర్రా_బుజ్జి
మరి డబ్బుంది, తొందరపెట్టే పబ్లిషర్ లేడు, అలాంటివాళ్ళ సంగతి? హాలో నైట్ ఆట చేసినవాళ్ళు ముగ్గురు నలుగురు, ఆస్ట్రేలియాలో. మొదటిది చందాలతో, 57 వేల ఆస్ట్రేలియా డాలర్లు పోగు చేసుకుని తీశారు. అది బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. రెండోది సిల్క్‌సాంగ్ నిజానికి మొదటి దానికి అదనపు ముక్కగా మొదలైంది. 2019లో ప్రకటించారు, 2025 సెప్టెంబర్‌లో ఇచ్చారు. రేటు 20 డాలర్లే.

గాజువాక_గన్నర్
అయినా మన మెట్రో కంటే ముందే వచ్చింది

ఎన్‌ఏడీ_నాగు
ముగ్గురికి జీతాలివ్వడం వేరు, మూడొందల మందికి ఇవ్వడం వేరు బుజ్జీ. మూడొందల మంది ఒక నెల ఖాళీగా కూర్చుంటే ఆ నెల జీతాలకి ఒక గుహ ఎగిరిపోతుంది. పెద్ద టీంలో కథ రాసేవాళ్ళు ఇంకా ఆలోచిస్తుండగానే బొమ్మలు చేసేవాళ్ళు పని కావాలంటారు. అప్పుడు ఏదో ఒకటి చేయిస్తాం. అలా చేయించినవే తర్వాత కోసేస్తాం. రెండర్ వంతెన అలాంటిదే అయ్యుంటుంది. నేను కూడా అలాంటి వంతెనలు చాలా కట్టించాను, ఆటల్లో కాదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో.

రుషికొండ_రెండర్
నాగుగారూ, ఇంతసేపట్లో మీరన్న నిజం ఇదే. కోపం లేదు. అప్పుడు మా లీడుకి కూడా చెప్పలేదుగానీ, వంతెన తీసుకున్నందుకు సంతోషించాను. హార్డ్‌డిస్కులో ఉండిపోవడం కంటే చేపల పాక నయం.

ఉక్కునగరం_ఉమ
నేను మాత్రం 4,999 మాట మీదే ఉన్నాను.

పాత_నెట్‌సెంటర్
గంటకి పదిహేను రూపాయల లెక్కన అది 333 గంటలమ్మా. అప్పట్లో నా దగ్గరైతే రెండు వేసవి సెలవులు.

సీతమ్మధార_సీను
పది రోజుల తర్వాత థ్రెడ్ లేపుతున్నాను. డ్రాగన్ ఏజ్ 2 పూర్తయింది. గుహ మొత్తం పధ్నాలుగుసార్లు. కానీ చివర్లో ఆటలోని ఒక మతగురువు విషయంలో ఒక పాత్ర చేసిన పని చూసి (పేరు చెప్పను, ఆడనివాళ్ళున్నారు) రాత్రి రెండింటిదాకా నిద్రపట్టలేదు. అర్ధరాత్రి అన్నట్టు ఊరు మారలేదు గానీ మనుషులు మారారు. పలకలన్నీ క్షమించేశాను, సముద్రపు ఒడ్డుని మాత్రం ఇంకా క్షమించలేదు.

ఇంకో విషయం. ఆదివారం మా బావగారి కుటుంబం వస్తే అందర్నీ తీసుకుని బొర్రా వెళ్ళాను. లోపల ఒకచోట పక్కదారికి గొలుసు అడ్డం కట్టి ఉంది. గొలుసు అవతల దారి లోపలికి పోతూ కనిపిస్తూనే ఉంది. అక్కడే నిలబడిపోయాను. మా అక్క ఏంట్రా అంటోంది, ఏం చెప్పను?

బొర్రా_బుజ్జి
మ్యాపు తీసి చూశావా మరి

రుషికొండ_రెండర్
ఈసారి వెళ్ళినప్పుడు గొలుసు అవతల చెక్క వంతెన కనిపిస్తే ఫోటో తియ్యి. మేకుల తుప్పు కిందికి కారుతోందో పైకో చూడు.